ఇమేజ్ ఉంది, రిస్టోర్ కావట్లేదు: పిన్ని ప్రెస్సు కంప్యూటర్ డైరీ

2025 జనవరి 17, శుక్రవారం

పొద్దున ఏడున్నరకే పిన్ని ఫోన్ చేసింది. "ఆన్ చేస్తే నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక లైను రాసి ఆగిపోతా ఉంది రా. ఒకసారి వచ్చిపో అబ్బాయ్." స్కూలుకి ఇంకా సంక్రాంతి సెలవులే కాబట్టి వెంటనే బయల్దేరాను.

కందుకూరులో పిన్నీ బాబాయ్ నడిపే ప్రెస్సు ఇది. పిన్ని కంపోజింగ్ చేస్తుంది, బాబాయ్ స్క్రీన్ ప్రింటింగ్ చూసుకుంటాడు. పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు. ఈ నెల 30న మాఘం మొదలవుతుంది. మాఘమాసం పెళ్లిళ్ల శుభలేఖలన్నీ కనుమ దాటగానే ఒక్కసారి మీద పడతాయి. ప్రస్తుతం చేతిలో పదకొండు ఆర్డర్లు ఉన్నాయి. అందులో మూడింటికి అడ్వాన్సు కూడా తీసుకున్నారు.

క్యాబినెట్ మూత తీసి, ఆన్ చేసి, హార్డ్ డిస్క్ మీద వేలు ఆనించాను. లోపల తిరగడం మొదలైంది. మూడు సెకన్లకు టక్కుమని కొట్టుకుంది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి అదే. ఈ చప్పుడు వచ్చాక డిస్క్‌ని పదే పదే ఆన్ చేసి చూడకూడదు. హెడ్ దెబ్బతిని ఉంటే ప్రతి ప్రయత్నానికీ లోపలి పళ్లెం మీద ఇంకో గీత పడుతుంది. వెంటనే పవర్ తీసేసి, డిస్క్ విప్పి పక్కన పెట్టాను. 500 జీబీ డిస్క్, 2013లో కంప్యూటర్‌తో పాటు వచ్చింది. పన్నెండేళ్లు పనిచేసింది.

కొత్త డిస్క్ పెట్టి విండోస్ మళ్లీ వేస్తే సరిపోదా అని బాబాయ్ అడిగాడు. ఇక్కడ సరిపోదు. పిన్ని పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు ఫాంట్లతో సాగుతుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. ఆ సీడీ, ఆ ఫాంట్లతో టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ సీడీ రెండూ గీతలు పడిపోయాయి, నా లాప్‌టాప్ డ్రైవ్‌లో కూడా చదవడం లేదు. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిన్ని ఫైల్ తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, డాలర్ గుర్తులు కనిపిస్తాయి. ఫైళ్లు మన దగ్గర ఉన్నంత మాత్రాన లాభం లేదు, వాటిని చదవగల ఈ సిస్టమ్ కూడా ఉన్నదున్నట్టు తిరిగి రావాలి.

పోయిన దసరాకి పూజ కోసం కంప్యూటర్‌కి బొట్టు పెట్టిన రోజే నేను దీనికి సిస్టమ్ ఇమేజ్ తీశాను, అంటే విండోస్, ప్రోగ్రాములు, ఫాంట్లతో సహా మొత్తానికి ఒక నకలు. కంట్రోల్ ప్యానెల్‌లో "బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7)" అనే పేరుతో ఉంటుంది, విండోస్ 10లోనూ ఆ పేరే. సి డ్రైవ్, దాని ముందుండే చిన్న సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ రెండూ 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్లాయి. డి డ్రైవ్‌లోని శుభలేఖల ఫైళ్లను పిన్ని ప్రతి ఆదివారం అదే డిస్క్‌లోకి కాపీ చేసుకుంటుంది. చివరి కాపీ 12వ తేదీది, భోగి ముందు రోజు.

అంటే పోయింది నాలుగు రోజుల పని. రేపు కొత్త డిస్క్ తెచ్చి ఇమేజ్ దించితే రెండు గంటల్లో అయిపోతుందని పిన్నికి మాటిచ్చి వచ్చాను.

జనవరి 18, శనివారం

2022లో మా ఊరిని ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలో కలిపినా కంప్యూటర్ సామాను కావాలంటే దగ్గర ఒంగోలే. పొద్దున బస్సుకే వెళ్లాను. రెండు షాపుల్లో 500 జీబీ ఎస్‌ఎస్‌డీ దొరకలేదు, 480 ఉంది. సి డ్రైవ్ మొత్తం 150 జీబీ, అందులో వాడింది వంద లోపు. 480 అంటే ఎక్కువే కదా అనుకుని తీసుకున్నాను. ఈ ప్రాజెక్టులో నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే. దాని సంగతి కింద రాస్తాను.

విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌ని లాప్‌టాప్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో తయారుచేశాను. సిస్టమ్ 64 బిట్ కాబట్టి పెన్‌డ్రైవ్ కూడా 64 బిట్‌దే ఉండాలి. ఎస్‌ఎస్‌డీ బిగించి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ బటన్ నొక్కకుండా కింద మూలనున్న "రిపేర్ యువర్ కంప్యూటర్" నొక్కాను. అక్కడి నుంచి ట్రబుల్‌షూట్, సిస్టమ్ ఇమేజ్ రికవరీ. మూడు ఎర్రర్లు వచ్చాయి, ఒకటి తీరితే ఇంకోటి.

మొదటిది: ఈ కంప్యూటర్‌లో సిస్టమ్ ఇమేజ్ ఏదీ కనబడలేదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించే ఉంది, లైటు వెలుగుతోంది. లాప్‌టాప్‌కి పెట్టి చూస్తే "విండోస్ ఇమేజ్ బ్యాకప్" ఫోల్డర్ "పాతవి" అనే ఇంకో ఫోల్డర్‌లో ఉంది. డిసెంబర్‌లో డిస్క్ సర్దుతూ పిన్ని అందులోకి జరిపింది. ఆమె తప్పేం లేదు, జరపకూడదని నేను చెప్పలేదు. ఆ ఫోల్డర్ డ్రైవ్‌లో అన్నిటికన్నా పైన, రూట్‌లో, దాని అసలు పేరుతోనే ఉండాలి. పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్‌లో పెట్టినా రికవరీ దాన్ని పట్టించుకోదు. బయటికి జరిపాను. తిరిగి ప్రయత్నిస్తే అక్టోబర్ తేదీతో ఇమేజ్ కనబడింది.

రెండోది: ఇమేజ్ తీసిన కంప్యూటర్ బయోస్ మీద నడిచింది, ఈ కంప్యూటర్ ఈఎఫ్‌ఐ మీద నడుస్తోంది, ఫర్మ్‌వేర్ వేరు కాబట్టి రిస్టోర్ చేయలేం. ఫర్మ్‌వేర్ అంటే విండోస్ కన్నా ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రామ్. బయోస్ పాత పద్ధతి, ఈఎఫ్‌ఐ (యూఈఎఫ్‌ఐ) కొత్తది. కంప్యూటర్ అదే, బోర్డూ అదే, మరి ఫర్మ్‌వేర్ ఎలా మారుతుందని కాసేపు తలపట్టుకున్నాను. మారింది పెన్‌డ్రైవ్ బూట్ అయిన పద్ధతి. బూట్ మెనూ తెరిస్తే ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒక దాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంటుంది, రెండో దాని ముందు ఉండదు. ఈ సిస్టమ్ విండోస్ 7 రోజుల్లో ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి ఉన్న డిస్క్ మీద మొదలై, 2016లో విండోస్ 10కి అప్‌గ్రేడ్ అయింది. కాబట్టి యూఈఎఫ్‌ఐ అని లేనిది ఎంచుకోవాలి. అలా బూట్ చేశాక ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు.

అప్పుడే బయోస్‌లో తేదీ 2013 జనవరి అని చూపించింది. చూశాను, సరిచేయకుండా ముందుకెళ్లాను.

మూడోది గట్టిది. సిస్టమ్ డిస్క్‌ని రికవర్ చేయడానికి పనికొచ్చే డిస్క్ ఏదీ దొరకలేదు, కోడ్ చివర 80042412. కొత్త ఎస్‌ఎస్‌డీ కళ్లముందే ఉంది, డిస్కుల్ని చూపే, విభజించే డిస్క్‌పార్ట్ కమాండ్‌లో లిస్ట్ చేస్తే కనిపిస్తోంది కూడా. క్లీన్ చేశాను, ఎంబీఆర్‌కి మార్చాను. డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ ఇంకో పోర్టుకి పెట్టాను. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని వెనక యూఎస్‌బీకి మార్చాను. నాలుగుసార్లు చేసినా అదే కోడ్.

పిన్ని కాఫీ తెచ్చి పక్కనే నిలబడింది. "ఏంది నాయనా, ఇమేజ్ కూడా పోయినట్టేనా?"

"పోలేదు పిన్నీ. దించడానికి ఒప్పుకోవట్లేదంతే" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకూ నమ్మకం లేదు. ఇప్పుడు ఉంది, ఎందుకో రేపటి భాగంలో వస్తుంది.

అదే రోజు, రాత్రి పదకొండు

పాత డిస్క్ స్టిక్కర్ మీద టార్చ్ వేసి చదివాను. మోడల్ నంబర్ కింద చిన్న అక్షరాల్లో ఎల్‌బీఏ 976773168 అని ఉంది. డిస్క్ మీద మొత్తం ఎన్ని సెక్టార్లు ఉన్నాయో ఆ అంకె చెబుతుంది. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. కొత్త ఎస్‌ఎస్‌డీలో 937703088. తేడా 39070080 సెక్టార్లు, బైట్లలో రమారమి 20 జీబీ.

విండోస్ ఇమేజ్ రికవరీ చూసేది ఇమేజ్‌లో ఎంత సరుకుందని కాదు. పాత డిస్క్ ఎంత పెద్దదో కొత్తదీ కనీసం అంత ఉందా అని చూస్తుంది. లోపల సగం ఖాళీగా ఉన్నా, డి డ్రైవ్ ఇమేజ్‌లో లేకపోయినా, డిస్క్ మొత్తం సైజు తగ్గితే కాదంటుంది. నేను షాపులో లెక్కేసింది సి డ్రైవ్‌ని, అది లెక్కేసేది డిస్క్‌ని. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చుంటే అందులో 1000215216 సెక్టార్లు ఉంటాయి, ఏ గొడవా లేకుండా దిగిపోయేది. డిస్క్ కొనేటప్పుడు పెట్టె మీది జీబీ అంకెతో సరిపెట్టుకోకుండా పాత డిస్క్ స్టిక్కర్ ఫోటో తీసుకుని వెళ్లాలి.

రేపు ఆదివారం, ఒంగోలులో షాపు మూసి ఉంటుంది. సోమవారం నుంచి నాకు స్కూలు. 512 కోసం ఆగితే మంగళవారం దాకా పని మొదలవదు. ఇంకో దారి ఉంది. ఆ ఇమేజ్ నిజానికి రెండు వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లు, అంటే ఫైలు రూపంలో ఉన్న డిస్కులు. రికవరీ టూల్ దించకపోతే వాటిని నేనే తెరిచి, నేనే దించాలి.

జనవరి 19, ఆదివారం

ముందుగా చేసిన పని: ఇమేజ్ ఫోల్డర్ మొత్తాన్ని నా లాప్‌టాప్‌లోకి కాపీ చేయడం. 96 జీబీ, ఇరవై నిమిషాలకు కాస్త పైన పట్టింది. ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నది ఇప్పుడు లోకంలో ఏకైక ప్రతి. దాని మీద నేరుగా పనిచేస్తే, చేయి జారితే తిరుగుండదు. ఫోల్డర్‌లోకి వెళ్లేటప్పుడు అనుమతి లేదంటుంది, కంటిన్యూ నొక్కితే తెరుస్తుంది. కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ తీసి డబ్బాలో పెట్టేశాను.

తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో యాక్షన్ మెనూ, అటాచ్ వీహెచ్‌డీ. పెద్ద ఫైలు ఎంచుకుని "రీడ్ ఓన్లీ" టిక్ పెట్టాను. రెండు సెకన్లలో కింద నీలం రంగు డిస్క్ గుర్తు ఒకటి వచ్చింది. డ్రైవ్ అక్షరం దానంతటది రాలేదు, జి అని ఇచ్చాను. చెక్‌డిస్క్‌ని రిపేర్ ఏమీ చేయించకుండా ఊరికే చదివించాను. తప్పులు లేవంది.

జి తెరిచాను. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్. పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అడోబీ, దాని లోపల పేజ్‌మేకర్ 7.0. విండోస్ ఫోల్డర్‌లో ఫాంట్స్ తెరిచి కిందికి జరుపుతుంటే అను ఫాంట్లు వరసగా వచ్చాయి. పిన్ని డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో "మోడల్ కార్డులు" అని ఆమె పెట్టుకున్న షార్ట్‌కట్ కూడా అలాగే ఉంది.

"ఇదంతా అక్టోబర్‌లోదా?" అంది.

"అక్టోబర్‌లో నీ కంప్యూటర్ ఎట్టా ఉందో అట్టాగే ఉంది పిన్నీ."

ఆమె ఇంకేం మాట్లాడలేదు. లేచి వెళ్లి, 16న వచ్చిన రెండు ఆర్డర్ల రాతప్రతులు తీసి, స్కేలు కింద పెట్టి, వాటిలో పేర్లకు గీతలు పెట్టడం మొదలుపెట్టింది. మళ్లీ కంపోజ్ చేయాల్సినవి అవి రెండే.

రిస్టోర్ ఫెయిలైందని స్క్రీన్ మీద చూడగానే చాలామంది బ్యాకప్ చెడిందనుకుని విండోస్ కొత్తగా వేసేస్తారు. కొందరైతే ఎక్స్‌టర్నల్‌నే ఫార్మాట్ చేసి వేరే పనికి వాడేస్తారు. ఫెయిలైంది దించే పద్ధతి, ఇమేజ్ కాదు. వీహెచ్‌డీఎక్స్ తెరిచి లోపల ఫైళ్లు కళ్లతో చూసేదాకా బ్యాకప్ పోయిందనే నిర్ణయానికి రాకూడదు. విండోస్ 8 నుంచి ఈ ఫైళ్లు వీహెచ్‌డీఎక్స్, విండోస్ 7లో తీసినవైతే వీహెచ్‌డీ. రెండూ ఇలాగే తెరుచుకుంటాయి.

ఇక అసలు పని. రీడ్ ఓన్లీ తీసేసి, అదే కాపీని మామూలుగా అటాచ్ చేశాను. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో, విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్‌తో "క్యాప్చర్ ఇమేజ్" ఇచ్చాను. జి మొత్తాన్ని ఒక విమ్ ఫైలుగా కడుతుంది. వీహెచ్‌డీఎక్స్ అంటే డిస్క్ నకలు, పార్టిషన్ సైజు కూడా దానితో పాటే వస్తుంది. విమ్ అంటే ఫైళ్ల మూట, పర్మిషన్లతో సహా. ఆ మూటని ఎంత చిన్న డిస్క్ మీదైనా విప్పొచ్చు, సరుకు పడితే చాలు. పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు లాంటివాటిని డిస్మ్ తనంతట తానే వదిలేస్తుంది. గంటా ఇరవై నిమిషాల తర్వాత 52 జీబీ విమ్ తయారైంది.

మధ్యాహ్నం చేపల పులుసు. పిన్ని నిన్నటి నుంచి పొయ్యి దగ్గరికి సరిగా వెళ్లలేదు, ఈ పూట వండింది.

జనవరి 20, సోమవారం

స్కూలు అయ్యాక సాయంత్రం ఐదున్నరకు కూర్చున్నాను.

పెన్‌డ్రైవ్‌తో, యూఈఎఫ్‌ఐ అని లేని వరస ఎంచుకుని బూట్ చేశాను. షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్క్‌పార్ట్‌లో ఎస్‌ఎస్‌డీని క్లీన్ చేసి ఎంబీఆర్ చేశాను. మొదట 500 ఎంబీ పార్టిషన్, తర్వాత 160 జీబీ, మిగిలింది ఇంకొకటి. చిన్నదానికి ఎస్ అని, రెండోదానికి డబ్ల్యూ అని అక్షరాలిచ్చాను. ఇక్కడ సి, డి అని ఇస్తే ఏది పాతది ఏది కొత్తదో మనకే గందరగోళం. చిన్న పార్టిషన్‌ని "యాక్టివ్" చేయడం మరిచిపోకూడదు, చేయకపోతే బయోస్‌కి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు.

విమ్‌ని డబ్ల్యూ మీదకి "అప్లై ఇమేజ్"తో విప్పాను. శాతం అంకె 25 నిమిషాలు నడిచింది. తర్వాత బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ కమాండ్. విండోస్ ఫోల్డర్ డబ్ల్యూలో ఉందని, బూట్ ఫైళ్లు ఎస్‌లో పెట్టమని, ఫర్మ్‌వేర్ బయోస్ అని మూడూ చెప్పాలి. ఆఖరిది చెప్పకుండా వదలొద్దు.

రీస్టార్ట్ చేసేముందు ఇంకో పని. ఏ పార్టిషన్‌కి ఏ అక్షరమో విండోస్ తన సెట్టింగుల పట్టిక అయిన రిజిస్ట్రీలో "మౌంటెడ్ డివైసెస్" అనే చోట రాసుకుంటుంది. ఆ రాతలో పాత డిస్క్ సంతకం ఉంటుంది. కొత్త డిస్క్ సంతకం వేరు కాబట్టి, సి అనే అక్షరం ఇంకా పాత డిస్క్‌దే అనుకుని కొత్తదానికి వేరే అక్షరం ఇచ్చే ప్రమాదం ఉంది. అలా జరిగితే లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ రాదు. కమాండ్ ప్రాంప్ట్ నుంచే రెజ్‌ఎడిట్ తెరిచి, డబ్ల్యూలోని సిస్టమ్ హైవ్ (రిజిస్ట్రీ ఫైలు) లోడ్ చేసి, అక్కడున్న ఎంట్రీలు తీసేసి, అన్‌లోడ్ చేశాను. విండోస్ మొదటిసారి లేచినప్పుడు కొత్తగా రాసుకుంటుంది.

పెన్‌డ్రైవ్ తీశాను, రీస్టార్ట్ చేశాను. విండోస్ గుర్తు, గుండ్రంగా తిరిగే చుక్కలు. బాబాయ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. పది సెకన్ల తర్వాత నీలం తెర, ఏడుపు మొహం బొమ్మ, కింద "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్".

మూడుసార్లు అదే. రాత్రి తొమ్మిదిన్నర. చాలా నిరాశగా అనిపించింది. విండోస్ లేచే దాకా వచ్చి, తన డిస్క్ తనకే కనపడట్లేదంటోంది. ఇవాళ్టికి ఆపాను. అలసిపోయి చేసే మార్పులు తర్వాత గుర్తుండవు.

జనవరి 21, మంగళవారం

స్కూల్లో మధ్యాహ్నం అన్నం తింటుంటే శనివారం చూసి వదిలేసిన తేదీ గుర్తొచ్చింది. బయోస్‌లో 2013 జనవరి. గడియారం వెనక్కి పోయిందంటే బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ లేని బోర్డుకి పవర్ ప్లగ్ తీసేస్తే తేదీ ఒక్కటే పోదు, బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టు మారిపోతాయి. శుక్రవారం పొద్దున నేనే ప్లగ్ తీసి, శనివారం దాకా అలాగే వదిలాను.

సాయంత్రం బయోస్ తెరిచి సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, చూశాను. ఏహెచ్‌సీఐ అని ఉంది, అది కొత్త పద్ధతి. 2013లో ఈ కంప్యూటర్ అసెంబుల్ చేసినవాళ్లు పాత పద్ధతి ఐడీఈలో పెట్టి విండోస్ వేసి ఉండాలి. ఐడీఈలో నడిచిన విండోస్, బూట్ అయ్యేటప్పుడు ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని లోడ్ చేసుకోదు. అందుకే డిస్క్ కనపడలేదంది. శనివారం వచ్చిన ఫర్మ్‌వేర్ ఎర్రర్‌కీ మూలం ఈ బిళ్ళే. ముందు లెగసీ (పాత బయోస్ పద్ధతి) మాత్రమే అని ఉన్న బూట్ పద్ధతి రెండూ అని మారింది, పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐలో లేచింది. రెండు ఎర్రర్లూ ఒక్క బిళ్ళ దగ్గరికే వచ్చి ఆగాయి.

సీఆర్ 2032 బిళ్ళ కొత్తది వేశాను. తేదీ సరిచేసి, సాటా మోడ్ ఐడీఈకి మార్చి, సేవ్ చేశాను.

తెర నల్లగా అయింది, చుక్కలు తిరిగాయి, పిన్ని పెట్టుకున్న వేంకటేశ్వరస్వామి వాల్‌పేపర్ వచ్చింది. పిన్ని రెండు చేతులూ జోడించింది.

ఐడీఈలోనే వదిలేయొచ్చు, కానీ ఎస్‌ఎస్‌డీ పెట్టాక దాని వేగం కొంత వదులుకోవడం ఎందుకని ఏహెచ్‌సీఐకి మార్చాను. దానికి తేలిక పద్ధతి ఉంది. బీసీడీ ఎడిట్‌తో సేఫ్ బూట్ మినిమల్ పెట్టి రీస్టార్ట్ చేయాలి, బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేయాలి. సేఫ్ మోడ్‌లో లేచినప్పుడు విండోస్ ఆ డ్రైవర్‌ని తనే పట్టుకుంటుంది. తర్వాత సేఫ్ బూట్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. పది నిమిషాల పని, ఇబ్బంది రాలేదు.

మూడో పార్టిషన్‌కి ఇ అక్షరం వచ్చింది, డి అక్షరాన్ని డీవీడీ డ్రైవ్ తీసుకుంది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ ఫైల్‌లో వినాయకుడి బొమ్మ, కలశం, అరిటాకుల బోర్డర్ లాంటివి లింకులుగా ఉంటాయి. ఆ లింకులో డి డ్రైవ్ దారి రాసి ఉంటుంది. అక్షరం మారితే తెరిచిన ప్రతి ఫైలూ బొమ్మ ఎక్కడుందని అడుగుతుంది, వందల ఫైళ్లకి ఒక్కొక్కటిగా చూపించాలి. డీవీడీని జెడ్‌కి పంపి, పార్టిషన్‌కి డి ఇచ్చి, 12వ తేదీ కాపీని అందులోకి దించాను.

చివరి పరీక్ష పిన్నికే వదిలాను. ఆమె 2014 నాటి ఒక శుభలేఖ తెరిచింది. అన్నిటికన్నా పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు", ఘకి కింద న వత్తు ఉన్నచోట ఉంది. "లక్ష్మీ"లో క్షకి మ వత్తు పడింది. కింద చిరునామాలో "కందుకూరు, ప్రకాశం జిల్లా" అని ఉంది, 2022కి ముందు కార్డులన్నీ అంతే. జూమ్ చేసి ఒక్కో వత్తూ చూసింది. తర్వాత ఖాళీ పేజీ తీసి, తనకు అలవాటైన యాపిల్ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో తెర వైపు చూస్తూనే ఒక పేరా కొట్టింది. వేళ్లు ఎక్కడా ఆగలేదు.

"ఇదే రా నాది" అంది.

జనవరి 22, బుధవారం

అక్టోబర్ తర్వాత వేసినవి ఇమేజ్‌లో లేవు. డిసెంబర్‌లో మార్చిన లేజర్ ప్రింటర్ డ్రైవర్ మళ్లీ వేశాను. బటర్ పేపర్ మీద మాస్టర్ ప్రింట్ తీసి బాబాయ్ చూశాడు, నలుపు ఒత్తుగా వచ్చింది, స్క్రీన్‌కి పనికొస్తుందన్నాడు. పోయిన రెండు కార్డులూ పిన్ని మధ్యాహ్నానికే మళ్లీ కంపోజ్ చేసింది. రాత్రి పన్నెండుకి మూడు కార్డుల ప్రూఫులు వెళ్లాయి.

పాత డిస్క్‌ని మళ్లీ ఆన్ చేయలేదు. అందులోంచి తీయాల్సింది ఏమీ మిగల్లేదు.

నెట్ కేబుల్ తీసేశాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు అప్‌డేట్లకి 2025 అక్టోబర్ 14 ఆఖరి తేదీ. ఈ కంప్యూటర్‌కి నెట్‌తో పని లేదు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి.

జనవరి 26, ఆదివారం

కొత్త ఇమేజ్ తీయాలి, తీసినదాన్ని దించి కూడా చూడాలి. దసరాకి నేను చేయనిది ఆ రెండోదే.

ఈ ఇమేజ్ టూల్ మీద 2017 నుంచే మైక్రోసాఫ్ట్ పని ఆపేసింది, వేరే సంస్థల బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడుకోమని చెప్పింది. ఇప్పటికి పనిచేస్తోంది కాబట్టి దాంతోనే ఒకటి తీశాను. దాని పక్కనే డిస్మ్‌తో తీసిన విమ్ కూడా ఉంచాను. డిస్క్ సైజు తేడా వచ్చినా విమ్ దిగుతుందని ఈ వారం చూశాం.

స్కూల్ ల్యాబ్‌లో ఖాళీగా ఉన్న 1 టీబీ హార్డ్ డిస్క్‌ని హెడ్మాస్టర్‌ని అడిగి తెచ్చాను. ముందు ఎస్‌ఎస్‌డీ కేబుల్ పీకేశాను. ఇది తప్పనిసరి, రికవరీ డిస్క్‌ని మొత్తం చెరిపి పార్టిషన్లు మళ్లీ చేస్తుంది, పొరపాటున వేరే డిస్క్‌ని ఎంచుకుంటే డి డ్రైవ్ కూడా పోతుంది. లెగసీలో బూట్, ఇమేజ్ కనబడింది, నెక్స్ట్, ఫినిష్. ఏ ఎర్రరూ రాలేదు. 38 నిమిషాల తర్వాత ఆ డిస్క్ మీద విండోస్ లేచింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, అను ఫాంట్ పలికింది.

టెస్ట్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ మళ్లీ తగిలించాను. క్యాబినెట్ లోపలి గోడకి ఒక కాగితం అంటించాను. ఎంబీఆర్, లెగసీ బూట్. సాటా ఏహెచ్‌సీఐ. డిస్క్ 937703088 సెక్టార్లు. బ్యాటరీ 2025 జనవరిలో మార్చింది. ఇమేజ్ ఫోల్డర్ రూట్‌లోనే, పేరు మార్చకూడదు.

పిన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని పాత పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. తాళం బాబాయ్ చేతికిస్తూ చెప్పింది, "అందులో ఫోల్డర్లు కదిలించమాకండి. సర్దాలంటే అబ్బాయికి ఫోన్ చెయ్యాల."